ఏడో రేకు

కొత్త మేకు కొడితే అడ్వాన్సులో కోత.
ఇంటాయన బెవర సూరిబాబు గారు
తాళంచెవి ఇస్తూ చెప్పిన ఒకే ఒక్క మాట.

చిట్టినగర్ కొండ మీద, నూట పన్నెండు మెట్ల పైన
ఒక గది, ఒక వంటిల్లు,
ఎవరో కొట్టి వదిలేసిపోయిన మేకు ఒకటి.

అదైనా సరైన చోట ఉందా?
గడియారం తగిలిస్తే వంగి చూడాలి టైము.
క్యాలెండర్ పెడితే ఫ్యాను గాలికి నేల ఊడుస్తుంది.
తలుపు పక్కన, నా నడుముకి కాస్త పైన,
కొంచెం ఎడమకి వాలి,
చిల్లర కోసం చెయ్యి చాపిన ప్యాసింజర్‌లా
ఏడాదిగా నా వైపే చూస్తోంది.

నేను కండక్టర్ని.
చాపిన చేతిలో ఏదో ఒకటి పెట్టందే కాలు కదలదు నాకు.

కింది వాటాలో రాహేలమ్మ గారు,
నరసాపురం పుట్టిల్లు,
చూపు మందగించింది గానీ వేళ్ళు మందగించలేదు.
పదో నంబరు కొక్కెం సూది నా చేతిలో పెట్టి
"చిన్న పువ్వొకటి అల్లు. గోడ నోరు మూసుకుంటుంది" అంది.

వన్‌టౌన్ గుండీల కొట్లో
గోరింట పండిన రంగు దారపుండ కొన్నాను.
రోజంతా బేరాలాడే జనం మధ్య తిరుగుతాను గానీ
నాకు బేరం రాదు.

గొలుసు కుట్టు మొదటి రోజే పట్టుబడింది.
మిషను నొక్కి నొక్కి కాయ కాసిన బొటనవేలిని చూసి
దారం ముందు జంకింది,
తర్వాత సర్దుకుంది.

లెక్కతోనే తంటా.
ఆవిడ పెదాలు కదపకుండా అంకెలు లెక్కపెడుతుంది.
నాకు అంకెలంటే డ్యూటీ.
కలెక్షన్ కట్టేశాక ఇంక ఒక్కటీ నోట్లోకి రాదు.
అందుకని స్టాపులతో లెక్కపెట్టాను.

చిట్టినగర్ ఒక రేకు, పంజా సెంటర్ ఒక రేకు,
కాళేశ్వరరావు మార్కెట్ దగ్గర రెండుసార్లు చుట్టి లాగి
బస్టాండులో సూది పక్కన పెట్టి టీ తాగి
బెంజి సర్కిల్లో చిక్కుపడితే
ఇక్కడ మామూలేగా అనుకుని ఓపిగ్గా విప్పుకుని
పటమటతో ఆరు.

నోరు ఊరుకోదుగా, ఆటోనగర్ కూడా అనేసింది.
చివరి స్టాపు రాకుండా బస్సెలా ఆపను?

ఆరింటి చోటులో ఏడు రేకులు.
ముగ్గురి సీట్లో నలుగురు కూర్చున్నట్టు
భుజాలు ముడుచుకుని, అంచులు పైకి లేపుకుని
పువ్వు ఎంతకీ సాపుగా పరుచుకోనంది.

రాహేలమ్మ గారు వేలితో తడిమింది,
చుట్టూ ఒకసారి, మళ్ళీ ఒకసారి.
విప్పమంటుందనుకున్నాను.
"గంజి మాత్రం పెట్టకు" అంది.
ఎందుకో చెప్పలేదు. కూర మాడుతోందని లోపలికెళ్ళింది.

మొన్న ఆదివారం ఎవరో ఆవిడ, షమీమ్ అట,
బ్యాంకు కవరు పాత అడ్రసుకే వచ్చిందేమోనని
మెట్లన్నీ ఎక్కి వచ్చింది.
మంచినీళ్ళు తాగుతూ తాగుతూ గ్లాసు దించేసింది.

"ఆ మేకు ఇంకా ఉందా!
మావాడి బడిసంచీకి కొట్టామండీ.
ఒకటో తరగతప్పుడు, తనే తగిలించుకుంటానని ఒకటే గొడవ.
వీడి చెయ్యి పైకెత్తించి కొలిచి మరీ కొట్టాడు వాళ్ళ నాన్న,
సుత్తి లేదు, పొత్రంతో.
అందుకే ఆ వాలు."

గుమ్మం బయట వాడు.
పై కమ్మీకి తగలకుండా తల వంచి,
మూతి మీద కొత్త నూగుతో,
ఫోన్లో మునిగి.
పువ్వు వైపు చూడనేలేదు.

కవరు దొరకలేదు. వెళ్తామన్నారు.
ఒంటికాలి మీద నిలబడి చెప్పు తొడుక్కుంటూ
పట్టు కోసం చెయ్యి లోపలికి చాపాడు,
ఇంకా ఫోన్లోకే చూస్తూ,
సరిగ్గా అక్కడికే.

పువ్వంతా వాడి గుప్పిట్లోకి పోయింది.
వదిలాక ఒక్కో రేకూ నెమ్మదిగా లేచింది.
ఏడోది అన్నిటికన్నా ముందు.

ఈ నెల అద్దెకొచ్చిన సూరిబాబు గారు
గోడలన్నీ కళ్ళతో తడిమి
"కొత్త మేకులేం కొట్టలేదు కదమ్మా?" అన్నారు.

లేదండీ.
పాతదే.
వాళ్ళబ్బాయిది.